పెండ్లి పత్రిక పేర్లకు చేతిరాత ఫాంట్: స్క్రీన్ మీద మంచిగున్నది, కార్డు మీద గీతలు తెగుతున్నయ్

దేవరకొండ డీటీపీ

అందరికీ నమస్తే. పెండ్లి పత్రిక పని. కార్డు 7 x 5 అంగుళాలు, మెరూన్ రంగు, మెరుపు కాగితం. అచ్చు స్క్రీన్ ప్రింటింగే, గోల్డ్ ఇంకుతో. వధూవరుల పేర్లు ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి రావాలె. రెండూ చేత్తో రాసినట్టు ఉండాలని పార్టీ (కార్డు చేయించుకునేటోళ్లు) పట్టుబట్టిన్రు. మూడు చోట్ల ఆగింది.

ఇంగ్లీషు పేర్లు పిన్యాన్ స్క్రిప్ట్‌లో 24 పాయింట్లకు పెట్టిన. ప్రూఫ్ తీస్తె లావు గీతలు నిండుగ వచ్చినయ్, ఒక అక్షరాన్ని ఇంకో అక్షరానికి కలిపే సన్నగీతలు మాత్రం చుక్కలు చుక్కలుగ తెగినయ్. పీడీఎఫ్‌లో జూమ్ చేస్తె ఏ లోపమూ లేదు.

తెలుగుకు యూనికోడ్ ఫాంట్ తీసుకుంటె ఫొటోషాప్‌లో ఒత్తులు పక్కకు వచ్చి నిలబడుతున్నయ్. పేజ్‌మేకర్‌లో అయితె అన్నీ ప్రశ్న గుర్తులే.

ఇంకోటి, ఇంగ్లీషు పేరు కుడికి వాలి ఉంటది, తెలుగు పేరు నిటారుగ ఉంటది. పైనొకటి కిందొకటి పెడితె రెండు వేరువేరు కార్డులు అతికించినట్టున్నది. తెలుగును ఇటాలిక్ చేస్తె సరిపోతదా?

పాలమూరు స్క్రీన్

మొదటి దాని గురించి చెప్త. మిగతావి ఫాంట్ల సంగతి తెలిసినోళ్లు చెప్తరు.

పిన్యాన్, ఎడ్వర్డియన్, స్నెల్ రౌండ్‌హ్యాండ్ అన్నీ ఒకే ఇంటివి. మొన తేలిన పాళీతో రాసే ఇంగ్లీషు రౌండ్‌హ్యాండ్ వాటికి మూలం. కిందికి గీసేటప్పుడు పాళీని ఒత్తితే మొన విచ్చుకొని గీత లావైతది. పైకి గీసేటప్పుడు ఒత్తిడి ఉండదు కాబట్టి వెంట్రుకంత వస్తది. ఈ రాతను అప్పట్ల రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన్రు, దీన్ని కాపర్‌ప్లేట్ అనేది అందుకే. రాగిరేకు మీద ఎంత సన్నగ చెక్కితె అంత సన్నగ అచ్చు పడ్తది. మన స్క్రీన్ ప్రింటింగ్ మెష్ దారాల జాలి, దాని సందులల నుంచి ఇంకు దిగాలె. దానికి ఆ గుణం లేదు.

లెక్క చూడండి. సన్నగీత మందం ఫాంట్ సైజులో 2 శాతం అనుకోండి. 24 పాయింట్లంటె 8.5 మి.మీ. దగ్గర, అందుల 2 శాతం 0.17 మి.మీ. సెంటీమీటరుకు 120 దారాల మెష్‌లో దారానికీ దారానికీ మధ్య 0.083 మి.మీ. అంటె మీ గీత కింద ఉన్నయి రెండే దారాలు. గోల్డ్ ఇంకులో పొడి రేణువులు పెద్దగ ఉంటయి, 120లో కొన్ని దిగక అడ్డం పడ్తయి. అందుకని చాలామంది 77 మెష్ వాడ్తరు. దాంట్లో దారాల మధ్య దూరం 0.13, మీ గీతకు ఒక్క దారం అడ్డమొచ్చినా చాలు, అక్కడ గీత తెగుతది. చుక్కలు చుక్కలుగ వచ్చింది అందుకే. స్క్వీజీ (ఇంకును మెష్ మీద లాగే రబ్బరు పట్టీ) గట్టిగ లాగినా, ఇంకు పల్చన చేసినా ఇది పోదు. పల్చన చేస్తె లావు గీతల అంచులు బయటికి పాకుతయి, అదొక కొత్త తలనొప్పి.

నేను పాటించే హద్దు ఒక్కటే: ఏ గీతకైనా కనీసం మూడు దారాల వెడల్పుండాలె. 120 మెష్‌కు 0.25 మి.మీ., 77 మెష్‌కు 0.4 మి.మీ. మీ కార్డుకు చెయ్యగలిగినవి ఇవి:

సైజు పెంచండి. అదే ఫాంట్ 36 పాయింట్లకు పోతె సన్నగీత 0.25కు వస్తది. 7 అంగుళాల వెడల్పులో ఒక్కో పేరు ఒక్కో లైనుకు పెడితె 36 ఇబ్బంది లేకుండ పడ్తది. 120 మెష్‌కు ఇది చాలు, 77కు చాలదు.

లేకుంటె ఫాంట్ మార్చండి. అలెక్స్ బ్రష్, డ్యాన్సింగ్ స్క్రిప్ట్ లాంటివాటిల సన్నకూ లావుకూ తేడా తక్కువ. డ్యాన్సింగ్ స్క్రిప్ట్‌కు బోల్డ్ దాకా నిజమైన బరువులున్నయ్, కంప్యూటర్ బలవంతంగ ఉబ్బించిన బోల్డ్ కాదు. కాకపోతె అది కొంచెం సరదా రాత, పెండ్లి పత్రిక గాంభీర్యం దాంట్లో తక్కువ. గ్రేట్ వైబ్స్ పిన్యాన్‌కూ డ్యాన్సింగ్ స్క్రిప్ట్‌కూ మధ్యల ఉంటది. పెద్దక్షరాల మెలికలు నిండుగ ఉంటయి గనక పార్టీకి ఒక్క చూపుల నచ్చుతది.

ఫాంట్ మార్చనియ్యరు, సైజు పెంచనియ్యరు అంటె గీతకు బలం పెట్టుడే. కోరెల్ డ్రా సాఫ్ట్‌వేర్‌లో పేరును ఒక కాపీ పక్కకు పెట్టుకొని, రెండోదాన్ని కంట్రోల్+క్యూ కొట్టి కర్వ్స్ (ఫాంట్ అవసరం లేని ఉత్త గీతలు) చెయ్యండి. అక్షరాలన్నీ ఎంచుకొని వెల్డ్ చెయ్యండి (అంటె ఒకే ఆకారంగ కలపండి), తర్వాత అదే రంగుతో 0.1 మి.మీ. ఔట్‌లైన్ ఇయ్యండి. సగం లోపలికి, సగం బయటికి పోతది గనక గీత మొత్తం మీద 0.1 లావైతది. మూలలు రౌండ్ పెట్టండి, లేకుంటె గీత చివర్ల ముండ్లు మొలుస్తయి. 'స్కేల్ విత్ ఆబ్జెక్ట్' టిక్ మర్చిపోతె తర్వాత పేరు సైజు మార్చినప్పుడు ఔట్‌లైన్ పాతదే ఉండి లెక్క తప్పుతది. వెల్డ్ ముందు చెయ్యకుంటె అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట కీళ్లు కనబడ్తయి. ఔట్‌లైన్ ఇచ్చినంక ఇంగ్లీషు 'ఈ', 'ఎల్' అక్షరాల కన్నులు (లోపలి ఖాళీలు) చూడండి. కన్ను 0.3 మి.మీ. కన్న తక్కువ మిగిలితె గోల్డ్ ఇంకు దాన్ని పూడ్చేస్తది.

పాజిటివ్‌ను (మెష్ మీదికి అక్షరం ఎక్కించే నల్ల ప్రింటు) ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింటర్‌తో తీస్తుంటె అది కూడ ఒకసారి చూడండి. టోనర్ నల్లగ పడకుంటె సన్నగీతల గుండ వెలుతురు దిగి మెష్ మీది ఎమల్షన్ పూత గట్టిపడ్తది, కడిగినప్పుడు ఆ గీత తెరుచుకోదు. ఎక్స్‌పోజర్ ఎక్కువైనా ఇదే జరుగుతది, వెలుతురు అంచుల కిందికి పాకి గీతను సన్నం చేస్తది. తెల్ల మెష్ కన్న పసుపు మెష్‌లో ఈ పాకుడు తక్కువ. కడిగినంక ఫ్రేమును ట్యూబ్‌లైట్ ముందు పట్టి చూస్తె గీత తెరుచుకున్నదో లేదో కార్డు పాడుగాకముందే తెలుస్తది.

ఇంకో రెండు మాటలు. ఈ ఫాంట్లల పేరంతా క్యాపిటల్స్‌లో కొట్టకండి, తీగలు తీగలు చుట్టుకొని పేరే చదవరాదు. అక్షరాల మధ్య జాగా పెంచకండి. కలిసే గీత సరిగ్గ పక్క అక్షరం అంచుకు తగిలేటట్టు చేసి ఉంటది, ఒక్క శాతం జరిగినా అతుకు బయటపడ్తది. జస్టిఫై కూడ అంతే.

సూర్యాపేట అక్షరాలు

తెలుగు సంగతి నేను చెప్తాను.

పేజ్‌మేకర్‌ను ఈ పనికి వదిలేయండి. దానికి యూనికోడ్ రాదు. అందులో పనిచేసేవి అనూ లాంటి పాత ఫాంట్లు. అవి లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతాలనే వాడుకొని పైకి తెలుగు బొమ్మ చూపిస్తాయి. అందుకే ఆ మ్యాటరును కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే గజిబిజి వస్తుంది. అనూలో మంచి చేతిరాత ఫాంట్లున్నాయి, మీ దగ్గర ఉంటే నిక్షేపంగా వాడుకోండి. వేరే ప్రెస్సుకు పంపేటప్పుడు మాత్రం కర్వ్స్ చేసి పంపండి.

యూనికోడ్ ఫాంట్‌లో ఒత్తు ఎక్కడ కూర్చోవాలో చెప్పే నియమాలు ఫాంట్ లోపలే ఉంటాయి. వాటిని చదివే శక్తి సాఫ్ట్‌వేర్‌కు ఉండాలి. ఫొటోషాప్‌లో అది మామూలుగా ఆపేసి ఉంటుంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' ఎంచుకోండి, కొత్త వెర్షన్లలో 'వరల్డ్-రెడీ లేఅవుట్' అని ఉంటుంది. ఫొటోషాప్ మూసి తెరవండి. ముందే టైప్ చేసిన లేయర్ దానంతట అది మారదు, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీని దానికి విడిగా పెట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఫాంట్‌ను తిడతారు. పాత కోరెల్ ఉన్నవాళ్లకు దగ్గరి దారి ఇంక్‌స్కేప్. ఉచితం, తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. అందులో టైప్ చేసి, పాత్ మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్' కొట్టి, పీడీఎఫ్‌గా దాచి కోరెల్‌లోకి తెచ్చుకోండి.

ఫాంట్ ఎంచుకునే ముందు అందమైన పేరు కాకుండా కష్టమైన పేర్లు కొట్టి చూడండి. నేను కొట్టే వరుస ఇది: శ్రీరస్తు, లక్ష్మి, జ్ఞానేశ్వర్, స్త్రీ, మిర్యాలగూడ, వనపర్తి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, ₹. మిర్యాలగూడలో 'ర్యా' చూస్తే యవత్తు దీర్ఘాన్ని మింగుతుందా లేదా తెలుస్తుంది. లక్ష్మిలో మూడు అంతస్తులున్నాయి, సగం ఫాంట్లు అక్కడే తేలిపోతాయి. పాత ఫాంట్లలో రూపాయి గుర్తు ఉండదు, వేరే ఫాంట్ నుంచి అరువొచ్చి అతుకుబొంతలా కనిపిస్తుంది.

మహబూబ్‌నగర్ సంగతి వేరు. 'బ్' తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉండాలి. అది లేకపోతే 'మహబూబ్నగర్' అని బకు నవత్తు తగులుకుంటుంది. నాగర్‌కర్నూల్‌ది కూడా అదే కథ, 'నాగర్కర్నూల్' అయిపోతుంది. పార్టీ వాట్సాప్‌లో పంపిన మ్యాటరులో ఈ గుర్తు చాలాసార్లు ఉండదు. వర్డ్‌లో 'బ్' తర్వాత 200సి అని కొట్టి (సి ఇంగ్లీషు అక్షరమే) ఆల్ట్+ఎక్స్ నొక్కితే పడుతుంది. పెండ్లి మండపం చిరునామాలో ఈ తప్పు లేని కార్డు మా వైపు అరుదు!

గూగుల్ ఫాంట్స్‌లో దొరికే తెలుగువాటిలో చేతిరాత వాలకం ఉన్నది లక్కిరెడ్డి. రవిప్రకాశ్ బరువైనది, శీర్షికలకు తప్ప పేర్ల కింద వరుసలకు వాడకండి. తేదీ, ముహూర్తం, వేదిక, ఆహ్వానించువారు, బంధుమిత్రుల అభినందనలతో, ఇవన్నీ మండలి లాంటి మామూలు ఫాంట్‌లో 10, 11 పాయింట్లకు పెట్టండి. కార్డంతా చేతిరాతలో పెడితే పేర్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. వరుసల మధ్య జాగా ఫాంట్ సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఉంచండి. పై వరుస ఒత్తులు కింది వరుస గుడి మీద కూర్చుంటున్నాయంటే జాగా చాలనట్టు.

ఇటాలిక్ చేయకండి. కాపర్‌ప్లేట్ రాత అడ్డగీతకు 55 డిగ్రీలలో వాలి ఉంటుంది. తెలుగు అక్షరాన్ని అంత వాల్చితే గుండ్రాలు కోడిగుడ్లవుతాయి, కింది ఒత్తు ఎడమకు, పై గుడి కుడికి జరిగి అక్షరం కూలబోతున్నట్టుంటుంది. చేత్తో రాసేటప్పుడు మనం తెలుగును అంత వాల్చం, అక్షరాలను కలపం కూడా. మన రాతలో చేతి వాటం కనిపించేది తలకట్టు విసురులో, దీర్ఘం చివర, కొమ్ము తిరిగే చోట, ఒత్తు తోకలో. బాపు రాతను పోలిన ఫాంట్లు చూడండి: అక్షరం నిటారుగానే ఉంటుంది, తలకట్టు మాత్రం ఎగురుతూ ఉంటుంది.

రెండింటినీ జతపరచాలంటే వాలు కాకుండా గీత మందం కలపండి. ఇంగ్లీషు పేరులో లావు గీత ఎంతో తెలుగులో లావు గీత అంతే ఉండేలా సైజు సర్దండి. పాయింట్ల అంకె ఒకటే పెడితే కుదరదు, స్క్రిప్ట్ ఫాంట్‌లో స్మాల్ లెటర్ ఒళ్లు చాలా చిన్నది. ఇంగ్లీషు 36 అయితే తెలుగు 24, 26 దగ్గర తూగుతుంది. మధ్యలో చిన్న పువ్వో గీతో పెడితే కంటికి వాలు తేడా తగ్గుతుంది.

పాలమూరు స్క్రీన్

పైన చెప్పినదానికి ఒక్క సవరణ. నేను చెప్పిన 0.1 ఔట్‌లైన్ తెలుగుకు ఇయ్యకండి. తెలుగు అక్షరాల లోపలి సందులు చిన్నవి, 'ఘ', 'ఱ', 'క్ష' పూడిపోతయి. తెలుగు ఎట్లాగూ అంత సన్నగ ఉండదు.

జడ్చర్ల బోర్డులు

పెండ్లి పత్రిక అయినంక అదే పేర్లు గేటు ఫ్లెక్సుకు, స్టేజీ వెనక అక్రిలిక్ అక్షరాలకు అడుగుతరు. కార్డు ఫైలునే పెద్దగ చేసి పంపుతరు చాలామంది, అక్కడ తేడాలొస్తయి.

ఫ్లెక్సు: మామూలు అక్షరానికి వాడే లెక్క 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు. 100 అడుగుల నుంచి చదవాల్నంటె 10 అంగుళాలు. స్క్రిప్ట్‌లో ఈ 10 అంగుళాలు స్మాల్ లెటర్ ఒళ్లుకు రావాలె, క్యాపిటల్‌కు కాదు. అప్పుడు క్యాపిటల్ 25, 30 అంగుళాలకు పోతది. ఎన్‌హెచ్ 44 మీద ఉరికే బండ్ల నుంచి చదవాల్సిన బోర్డుకు స్క్రిప్ట్ దండగ. దుకాణం పేరులో ఒక్క మాట స్క్రిప్ట్‌లో పెట్టి, 'శారీస్', 'స్వీట్స్' అనేది మామూలు అక్షరంలో పెట్టండి. గద్వాల, నారాయణపేట చీరల దుకాణాల బోర్డులకు ఇదే నప్పుతది.

స్టిక్కర్ కటింగ్: వెల్డ్ చెయ్యకుంటె ప్లాటర్ (స్టిక్కర్ కోసే మిషన్) అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన ప్రతిచోట కోస్తది, పేరు ముక్కలైతది. 2 మి.మీ. కన్న సన్నని గీత పీకేటప్పుడు లేచొస్తది.

అక్రిలిక్: ఇంగ్లీషు స్క్రిప్ట్‌కు ఇక్కడ లాభం, వెల్డ్ చేస్తె పేరంతా ఒకే ముక్క. 'ఐ', 'జె' చుక్కలు, పక్క అక్షరానికి తగలని క్యాపిటల్ ఉంటె అదీ విడిగ పడ్తయి. గీత వెడల్పు రేకు మందం కన్న తక్కువ ఉండొద్దు, 3 మి.మీ. రేకుకు 3 మి.మీ. గీత. తెలుగుల అసలు కష్టం: ప, ఫ, ష, స తలకట్లు అక్షరానికి తగలవు. ఒత్తులు తగలవు. 'థ' చుక్క, 'ఠ' చుక్క కూడ అంతే. 'శిరీష' అనే పేరు కోస్తె 'ష' తలకట్టు ఒక్కటి విడిగ చేతిల పడ్తది. అతుకు గీత మీరే గీసి కలపాలె, లేకుంటె వెనక పారదర్శక రేకు మీద అంటించాలె. దానికి పేరును అసలు సైజుల కాగితం మీద తీసుకొని, దాని మీద పెట్టి అంటించండి, చేతి అందాజాతో పెడితె తలకట్లు వంకరపోతయి.

న్యూటౌన్ కాతిబ్

మా వైపు మూడు లిపుల కార్డులు ఎక్కువ కాబట్టి చెప్తున్న. ఉర్దూ ఉంటె ఇంగ్లీషు స్క్రిప్ట్ జోలికి పోకండి. ఉర్దూ రాసే నస్తలీఖ్ పుట్టుకతోనే కలంరాత. ప్రతి మాట కుడి పై నుంచి ఎడమ కిందికి జారుతది. దాని పక్కన కుడికి వాలే ఇంగ్లీషు మెలికలు పెడితె రెండూ కొట్టుకుంటయి. ఉర్దూ పేర్లను పెద్దగ పెట్టి, ఇంగ్లీషును సాదా అక్షరంలో, తెలుగును మామూలు ఫాంట్‌లో ఉంచండి.

నస్తలీఖ్‌కు 1981లో వచ్చిన నూరీ నస్తలీఖ్ దారి చూపింది. వేల కొద్ది మాటల ముక్కలను ముందే రాయించి పెట్టిన్రు. ఉర్దూ డీటీపీ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌లో మనం వాడేది ఆ వరుసదే. యూనికోడ్‌లో జమీల్ నూరీ, నోటో నస్తలీఖ్ ఉన్నయ్. పాత కోరెల్‌లో నేరుగ అతికిస్తె అక్షరాలు విడివిడిగ తలకిందుల వరుసల వస్తయి. ఇంక్‌స్కేప్ దారి దీనికీ పనికొస్తది. వరుసల మధ్య జాగా తెలుగు కన్న ఇంకా ఎక్కువ ఉంచండి. కర్వ్స్ చేసినంక నుక్తాలు లెక్కపెట్టాలె, ఒక్క చుక్క పోతె పేరే మారుతది. హైదరాబాద్ ఛత్తా బజార్‌ల ఇప్పటికీ చేత్తో రాసిచ్చేటోళ్లున్నరు. ఒక్క పేరు రాయించుకొని స్కాన్ చేసుకునేది ఉంటె 600 డీపీఐ, నలుపు తెలుపు.

దేవరకొండ డీటీపీ

అందరికీ ధన్యవాదాలు. ఇంగ్లీషు గ్రేట్ వైబ్స్ 38 పాయింట్లు, 0.1 ఔట్‌లైన్, 100 మెష్. తెలుగు లక్కిరెడ్డి 26, ఔట్‌లైన్ లేదు. ఇంక్‌స్కేప్‌లో ఒత్తులు కూర్చున్నయ్. ప్రూఫ్‌ల గీతలు తెగలేదు. పేరు మొదటి క్యాపిటల్ మెలిక మాత్రం పైనున్న వినాయకుడి బొమ్మకు తగులుతున్నది. ఇంకోటి, నెట్‌ల ఇంకా అందమైన స్క్రిప్ట్ ఫాంట్లు ఉచితమని ఉన్నయ్ గద, అవి వాడితె ఏమైతది?

సూర్యాపేట అక్షరాలు

బొమ్మను జరపకండి, మెలికను మార్చండి. కొన్ని స్క్రిప్ట్ ఫాంట్లలో ఒక్కో క్యాపిటల్‌కు రెండు మూడు రూపాలుంటాయి, కోరెల్ ఎక్స్6 నుంచి టెక్స్ట్ ప్రాపర్టీస్‌లో ఓపెన్‌టైప్ దగ్గర చూడండి. మీ ఫాంట్‌లో వేరే రూపం లేకపోతే, కర్వ్స్ చేసిన తర్వాత మెలిక చివరి నోడ్‌ను కిందికి లాగండి, వంపు పగలకుండా నోడ్‌ను 'స్మూత్' చేయండి. బొమ్మకూ మెలికకూ మధ్య 2 మి.మీ. ఉంటే చాలు.

ఉచితం అని ఉన్నచోట 'పర్సనల్ యూజ్' అనే మాట వెతకండి. అదుంటే డబ్బులు తీసుకొని చేసే కార్డుకు వాడకూడదు. పైగా అలాంటి డెమో ఫాంట్లలో అంకెలు, చుక్క, కామా చాలాసార్లు ఉండవు. తేదీ దగ్గర ఖాళీ డబ్బాలు వస్తాయి. పైన అనుకున్న గ్రేట్ వైబ్స్, పిన్యాన్, అలెక్స్ బ్రష్, డ్యాన్సింగ్ స్క్రిప్ట్, లక్కిరెడ్డి ఓపెన్ ఫాంట్ లైసెన్సువి. వ్యాపారానికి వాడుకోవచ్చు, ఫాంట్‌ను విడిగా అమ్ముకోకూడదు, అంతే.

పాలమూరు స్క్రీన్

100 మెష్‌కు మూడు దారాలంటె 0.3 మి.మీ. మీ 38 పాయింట్ల గీత ఔట్‌లైన్‌తో కలిపి దాని మీదికే వస్తది. మొదటి 50 కార్డులు అయినంక ఒకసారి ఆపి, మెష్ కింది వైపు గుడ్డతో తుడవండి. గోల్డ్ ఇంకు ముందు సన్నగీతల దగ్గరే ఎండుతది.